క్వార్టర్ కొలత మీకిక చెల్లదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పని చేస్తున్నాను. 132 కిలోల బరువుకు షుగరు కూడా తోడవడంతో రెండున్నరేళ్ల కిందట చెన్నైలో గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఏడాది తిరిగేసరికి 81 కిలోలకు వచ్చాను. షుగరు మాత్రలు కూడా ఆపేశారు. అంతకు ముందు ఏ పెళ్లిలోనో, గంగ జాతరలోనో తప్ప తాగేవాడిని కాను. సన్నబడ్డాక స్నేహితులు పెరిగారు, వారానికి రెండు మూడు సాయంత్రాలు కూర్చోవడం మొదలైంది. పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకొని 41 రోజులు ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే మళ్లీ తాగాను. అప్పటి నుంచి ఆరు నెలలుగా రోజూ క్వార్టర్, ఆదివారాలు ఇంకా ఎక్కువ. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతోంది. అన్నం తగ్గింది, మిక్చరు, పకోడీ పెరిగాయి. బరువు మళ్లీ 90 దాటింది. విటమిన్ మాత్రలు మానేసి ఏడాదయింది. సర్జన్ దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లడం లేదు. ఎవరో ఇచ్చిన పొడిని మా ఆవిడ నా కాఫీలో కలుపుతోందని అనుమానం. కాలినడకన కొండెక్కి, గుండు కొట్టించుకొని, ఒక్కసారిగా మానేద్దామనుకుంటున్నాను. మానగలనా? తిండి అలవాట్లు మళ్లీ దారిన పడతాయా? వచ్చే కార్తీకంలో మాల వేసుకోవచ్చా? అసలు తాగుబోతును కాని నేను ఇలా ఎందుకయ్యాను?
— పేరు రాయవద్దు, చిత్తూరు

సమాధానం: మీరు అడిగిన నాలుగింటిలో చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెప్పాలని నాకు ఉంది, ఎందుకంటే ఇన్నాళ్లూ మిమ్మల్ని లోలోపల తినేస్తున్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ అందులోని ఒక వాక్యం నన్ను అంతసేపు ఆగనివ్వడం లేదు. కాఫీ గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతోందని రాశారు. రోజూ తాగే మనిషికి తెల్లవారేసరికి చేతులు వణకడం, చెమటలు పట్టడం, కారణం లేని కంగారు కలగడం జరుగుతుంటే, శరీరం మద్యానికి అలవాటు పడి, రాత్రి తాగినది దిగిపోగానే మళ్లీ అడుగుతోందని అర్థం చేసుకోవాలి. ఆ స్థితికి చేరినవారు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానేయకూడదు. ఆపిన ఆరు గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరికి జ్వరం, అయోమయంగా మాట్లాడటం, లేని మనుషులు, పురుగులు కనిపించడం మొదలవుతాయి, అది ప్రాణం మీదికి తెచ్చే దశ. మిమ్మల్ని బెదిరించి తాగుతూనే ఉండమనడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆసుపత్రి మంచం మీద గానీ, డాక్టరు రాసిచ్చిన మాత్రలతో, పక్కన ఒక మనిషి కాపలాగా ఉన్న ఇంట్లో గానీ మానండి అంటున్నాను.

కాబట్టి కాలినడక మొక్కును కొన్ని నెలలు వాయిదా వేయండి. కొండ మీద మద్యం, పొగాకు నిషేధం గనుక మనిషిని మూడు రోజులు అక్కడ ఉంచితే అలవాటు దానంతట అదే పోతుందని నమ్మే కుటుంబాలు మన ప్రాంతంలో చాలానే ఉన్నాయి. తిరుపతిలో ఇన్నేళ్లుగా వ్యసన సలహాదారుగా ఉన్న నేను అలాంటివి పది పన్నెండు చూశాను. ఒకాయనను ఇద్దరు తమ్ముళ్లు అలిపిరి నుంచి నడిపించుకొని బయలుదేరారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆయన చుక్క ముట్టలేదు. గాలిగోపురం చేరి మజ్జిగ ప్యాకెట్టు మూల కొరుకుతుండగా ఫిట్స్ వచ్చి, తల రాతి మెట్టు అంచుకు తగిలింది. ఎనిమిది కుట్లతో బయటపడ్డారు. స్వామి కాపాడాడని వాళ్లు ఇప్పటికీ అంటారు, నేనూ కాదనను. అయితే కింద ఉన్నప్పుడే డాక్టరుకు చూపించి ఉంటే స్వామికి అంత శ్రమ ఉండేది కాదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి, శ్రీవారి మెట్టు దారిలో 2,388 ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు.

మీ వణుకు విషయంలో ఇంకొక అనుమానం కూడా తీర్చుకోవాలి. బైపాస్ అయినవారికి తీపి గానీ పిండిపదార్థాలు గానీ ఎక్కువ తిన్న గంట నుంచి మూడు గంటల్లోపు రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. అప్పుడు కూడా వణుకు, చెమట, గుండెదడ ఇలాగే ఉంటాయి. రాత్రి అన్నం తినకుండా తాగి పడుకుంటే తెల్లవారేసరికి చక్కెర ఇంకా దిగజారుతుంది, ఎందుకంటే మద్యాన్ని విరగ్గొట్టే పనిలో ఉన్న కాలేయం చక్కెరను తయారుచేసి రక్తంలోకి వదలలేదు. పాత షుగరు పరీక్ష మిషను ఇంట్లో ఉండే ఉంటుంది. దాని స్ట్రిప్పుల గడువు చూసి, చేయి వణికినప్పుడు ఒకసారి పరీక్షించి, అంకెను, సమయాన్ని కాగితం మీద రాయండి. 70 కంటే తక్కువ వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రెండు కారణాలూ కలిసి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది.

ఎక్కడికి వెళ్లాలన్నది కష్టమైన ప్రశ్న కాదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీకు వేలూరు ఇంకా దగ్గర, అక్కడి సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో ఉంది. బయలుదేరే ధైర్యం రాకపోతే ముందు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. మత్తు అలవాట్ల కోసమే ప్రత్యేకంగా 14446 అనే నంబరు కూడా ఉంది. గోడల మీద ప్రకటనలు రాయించుకునే ప్రైవేటు కేంద్రాల్లో చేరేముందు మాత్రం, అక్కడికి సైకియాట్రిస్టు రోజూ వస్తారా, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందా, రాత్రిపూట ఫిట్స్ వస్తే ఏం చేస్తారు అని మీ ఇంటివాళ్ల చేత అడిగించండి. ఈ మూడింటికీ తిన్నగా జవాబు రాని చోట చేరవద్దు.

ఇక మీరు ఎందుకిలా అయ్యారన్న ప్రశ్న. మీ చేతిలోని సీసా చీటీ మీద 42.8 శాతం అని ఉంటుంది, చూడండి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఆ లెక్కన సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మామూలు కడుపున్న మనిషి తాగినప్పుడు అందులో కొంత కడుపులోనే విరిగిపోతుంది, మిగిలినది లీటరుకు పైగా పట్టే ఆ సంచిలో ఆగి, నెమ్మదిగా పేగులోకి దిగుతుంది. మీకు సర్జన్ మిగిల్చిన కడుపు మొదట్లో 30 మిల్లీలీటర్లు మాత్రమే, అదీ నేరుగా చిన్నపేగుకు కలిపి కుట్టినది. అక్కడ మద్యం ఆగడానికి చోటు లేదు, విరగ్గొట్టే కడుపు గోడ లేదు. తాగిన కొద్ది నిమిషాలకే అది రక్తంలో పతాక స్థాయికి చేరుతుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బైపాస్ చేయించుకున్న స్త్రీలకు కొలిచి మద్యం ఇచ్చి రక్తపరీక్షలు చేయగా, వారికి రెండు డ్రింకులు ఆపరేషన్ కాని స్త్రీలకు నాలుగు తాగినంత పని చేశాయని 2015లో తేలింది. అంటే మీ పక్కన కూర్చున్న స్నేహితుడికి క్వార్టర్ క్వార్టరే గానీ, మీకు అది హాఫ్ బాటిల్‌కు దగ్గర. ఇద్దరూ ఒకే కొలత పోసుకుంటున్నామనే అనుకుంటారు. ఆ కొలత మీ విషయంలో రెండున్నరేళ్ల కిందటే చెల్లకుండా పోయింది.

మత్తు ఎంత వేగంగా ఎక్కితే అలవాటు అంత గట్టిగా పాతుకుంటుంది. గుటక వేసిన ఐదు నిమిషాలకే హాయి అనిపించే పనిని మెదడు చాలా త్వరగా నేర్చుకుంటుంది. అమెరికాలో పది ఆసుపత్రుల్లో బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్న 1,945 మందిని అనుసరించిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. వారిలో మద్యం సమస్య ఉన్నవారు ఆపరేషన్‌కు ముందు ఏడాది 7.6 శాతం, తర్వాతి ఏడాది 7.3 శాతం, రెండో ఏడాది 9.6 శాతం. మొదటి ఏడాది ఏమీ జరగనట్టే ఉండి రెండో ఏడాది పెరగడాన్ని గమనించండి, మీ కథ కూడా అంతే. 2017లో వచ్చిన తదుపరి ఫలితాల్లో, అంతకు ముందు ఈ సమస్య లేని బైపాస్ రోగుల్లో ఐదేళ్లు గడిచేసరికి ఐదుగురిలో ఒకరికి ఇది వచ్చినట్టు తేలింది. కడుపు చుట్టూ బ్యాండు మాత్రమే వేయించుకున్నవారిలో అది సుమారు 11 శాతం.

ఈ తేడా దగ్గర కొంచెం ఆగాలి. తిండి దూరమైతే దాని స్థానంలో మద్యం వచ్చిందని చాలామంది తేలికగా అనేస్తారు, మీ బంధువులు కూడా అనే ఉంటారు. తిండి దూరం కావడమే కారణమైతే బ్యాండు వేసుకున్నవారికీ అదే జరగాలి గదా, వారూ నోరు కట్టుకున్నవారే. వారి కడుపు దారి మారలేదు, మీది మారింది. కాబట్టి ఇందులో పెద్ద వాటా మీ గుణానిది కాదు, మీ పేగులకు వేసిన కొత్త దారిది అని నా అభిప్రాయం. ఆపరేషన్‌కు ముందు ఈ మాట మీకు ఎవరైనా గట్టిగా చెప్పి ఉండవలసింది. సంతకం పెట్టించుకున్న కాగితాల్లో ఏ మూలనో ఉండే ఉంటుంది, అది చెప్పినట్టు కాదు.

మిగిలిన వాటా మాత్రం మనసుదే. సన్నబడ్డాక స్నేహితులు పెరిగారని ఒక్క ముక్కలో రాసి దాటిపోయారు. 132 కిలోలు ఉన్నప్పుడు ఆటోలో పక్కన కూర్చోవడానికి జనం మొహమాటపడి ఉంటారు, ఏ జట్టులోనూ మిమ్మల్ని కలుపుకొని ఉండరు, లేదా నవ్వుకోవడానికే కలుపుకొని ఉంటారు. ఆ రోజుల్లో బాధ కలిగితే తిండి ఉండేది. ఇప్పుడు గౌరవంగా పిలుస్తున్నారు, భుజం మీద చేయి వేస్తున్నారు, ఆ చేయి వేసే చోట గ్లాసు ఉంటుంది. మీరు వదులుకోవడానికి భయపడుతున్నది మద్యాన్నా, ఆ పిలుపునా అన్నది మీరే తీరికగా ఆలోచించుకోవాలి. పిలుపే అయితే, ఆ నలుగురిలో టీ కొట్టు దగ్గర కూడా మీతో నిలబడేవాడు ఒకడు ఉంటాడు. ముందుగా అతనికి నిజం చెప్పండి.

మీ శ్రీమతి గురించి. అమ్మా, ఈ ఉత్తరం మీరూ చదువుతున్నారనుకొని రాస్తున్నాను. మీ బాధ నాకు అర్థం కాకపోలేదు. కానీ ఆ పొడిలో ఏముందో ఇచ్చినవాడికీ తెలియకపోవచ్చు. కొన్నింటిలో కలిపేది డైసల్ఫిరామ్ అనే మందు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె వేగం పెరిగి, రక్తపోటు పడిపోతుంది. తెలిసి, ఒప్పుకొని, గుండె, కాలేయ పరీక్షలు చేయించుకొని, డాక్టరు రాయగా వేసుకునేవారికే అది ఔషధం. చాటుగా కలిపితే విషంతో సమానం. మీ ఆయనకు మద్యం రక్తంలోకి ఉరుకులు పరుగులతో చేరుతుంది గనుక ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ రోజే ఆపి, ఆ పొట్లాన్ని పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మన భాషలో రెండింటినీ ‘మందు’ అనే పిలుస్తాం గనుక ఒకదానికి మరొకటి విరుగుడు అనిపించడం సహజమే.

అయ్యా, మళ్లీ మీ దగ్గరికే వస్తాను. మాత్రలు మానేసి ఏడాదయిందని అంత తేలికగా రాశారు గానీ, నాకు మద్యం ఎంత భయం కలిగించిందో ఈ మాటా అంతే కలిగించింది. బి1 విటమిన్, అంటే థయామిన్, ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. బైపాస్ వల్ల అది తక్కువగా ఒంటబడుతుంది, మద్యం వల్ల ఇంకా తక్కువ. అది బాగా తరిగిపోతే కళ్లు ఒక చోట నిలవవు, ఒకటి రెండుగా కనిపిస్తుంది, తాగకుండానే నడక తూలుతుంది, మాట పొంతన తప్పుతుంది. ఇంట్లోవాళ్లు చూసి మళ్లీ తాగి వచ్చాడని తలుపు మూసుకుంటారు. ఆ నిర్ధారణ తప్పిన కొద్ది రోజుల్లోనే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వాంతులై నీరసపడితే మన ఊళ్లలో ముందు చేసే పని వీధి చివరి డాక్టరు దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం. థయామిన్ అడుగంటిన మనిషికి ఆ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి పరిస్థితి విషమిస్తుంది. కాబట్టి ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఎంత చిన్న సమస్యకు వెళ్లినా, మీరు గానీ మీ ఆవిడ గానీ మొదట చెప్పవలసిన మాట ఇది: గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ అయింది, రోజూ తాగుతాను, ఏడాదిగా విటమిన్లు లేవు, థయామిన్ ఇచ్చాకే గ్లూకోజ్ పెట్టండి.

బీరువాలో పాత మాత్రల డబ్బా ఉంటే గడువు తీరినవి తీసేయండి. మళ్లీ ఏవి ఎంత వేసుకోవాలో రక్తపరీక్షల తర్వాత డాక్టరు చెబుతారు. బి12, ఐరన్, విటమిన్ డి, కాల్షియం, ఆల్బుమిన్, కాలేయ పరీక్షలు తప్పవు. కాల్షియంలో మీకు సిట్రేట్ రకం మేలు, రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు విడతలుగా అవసరమవుతుంది. ఐరన్ మాత్రకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, కుట్టు వేసిన చోట పుండు పడుతుంది. సిగరెట్ కూడా ఉంటే ఆ పుండుకు రెండింతల అవకాశం ఇచ్చినట్టే. విరేచనం తారులా నల్లగా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

తిండి దారిన పడుతుందా అని అడిగారు. పడుతుంది, కానీ మద్యంతో పాటు నడవదు. క్వార్టర్‌లోని 60 గ్రాముల ఆల్కహాలులోనే 420 కేలరీలు ఉన్నాయి, అందులో మాంసకృత్తి ఒక్క గ్రాము కూడా లేదు. దానితో తినే స్టఫ్ అంతా మీ చిన్న కడుపులో ఆగకుండా జారిపోయే రకం: మిక్చరు, పకోడీ, చిప్స్, బూంది. గుప్పెడు అన్నంతో కడుపు బిగిసిపోయే మనిషి పావుకిలో మిక్చరు ఎలా తినగలుగుతున్నాడా అని మీకే ఆశ్చర్యం కలిగి ఉంటుంది. అది నమిలితే పొడై, ద్రవంతో కలిసి జారి, చోటు ఖాళీ చేస్తూ పోతుంది. ఆపరేషన్‌ను ఓడించడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. అయినా రెండేళ్లు దాటాక కొన్ని కిలోలు వెనక్కి రావడం చాలామందికి జరిగేదే. తొమ్మిది కిలోలకు మీరు చేసిందంతా వృథా అయిందని అనుకోనక్కరలేదు. త్రాసును నెలకొకసారి చూస్తే చాలు.

మొదటి రెండు వారాలు కేలరీలు లెక్కపెట్టవద్దు, మాంసకృత్తులు మాత్రం లెక్కపెట్టండి. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. ఉడికించిన గుడ్లు రెండింటిలో 12 గ్రాములు, వండిన కోడిమాంసం వంద గ్రాములలో పాతిక, రెండు చిన్న గిన్నెల పెరుగులో ఏడు, అరకప్పు సెనగ గుగ్గిళ్లలో ఏడెనిమిది, యాభై గ్రాముల పన్నీరులో తొమ్మిది. ఇవి ఐదు విడతలుగా తింటే లెక్క సరిపోతుంది, కడుపు బరువూ అనిపించదు. ఏ పూట అయినా ముందు గుడ్డో, పప్పో, ముక్కో తిని, ఆ తర్వాతే కూర, చివర చోటుంటే అన్నం. మన సంగటి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. పులుసులో అద్ది, నమలకుండా మింగడమే దాన్ని తినే పద్ధతి అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం, నమిలితే మా నాయన నవ్వేవాడు. మీరు నవ్వించుకోక తప్పదు. నిమ్మకాయంత ముద్ద తీసుకొని, చిటికెడు చిటికెడుగా నమిలి తినండి, లేకపోతే అది అతుక్కుపోయి, రొమ్ము కింద బిగబట్టి, వాంతి అయ్యేదాకా వదలదు. నాటుకోడి పులుసైతే ముక్కలు ముందు, సంగటి వెనక.

నీళ్లు అన్నంతో పాటు తాగవద్దు, తిన్నాక అరగంట ఆగండి. రోజు మొత్తంలో లీటరున్నర నుంచి రెండు లీటర్లు, గుక్కలు గుక్కలుగా. ఎండాకాలం మన దగ్గర ఇది చెప్పినంత సులువు కాదు. ఫ్యాక్టరీకి లీటరు సీసా తీసుకెళ్లి, మధ్యాహ్నానికి ఒకటి అయిపోవాలని గుర్తు పెట్టుకుంటే కొంత నయం. సోడా, కూల్‌డ్రింకులు వద్దు. మద్యం లేని సాయంత్రం ఉత్త సోడా అయినా చేతిలో ఉంటే బాగుంటుందని కొందరు అంటారు, మీకు అది కూడా పనికిరాదు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ పట్టుకోండి.

మీ రోజులో అసలు గండం ఫ్యాక్టరీ వదిలిన సమయం నుంచి రాత్రి ఎనిమిది వరకు అని నా ఊహ. మధ్యాహ్నం సరిగా తినక, ఆరింటికి ఆకలో, దాహమో, అలసటో తెలియని స్థితిలో బయటికి వస్తారు. దారిలోనే బ్రాందీ షాపు ఉంటుంది. ఐదున్నరకే, ఇంకా లోపల ఉండగానే, గుడ్డో గుగ్గిళ్లో తినండి. తాగాలన్న కోరిక ఎంత గట్టిగా వచ్చినా ఇరవై, ముప్పై నిమిషాలకు మించి అదే ఊపులో నిలవదు, అందులో సగం ఆకలిదే. రెండో పని, కొన్నాళ్లు బండి మీద వెళ్లకుండా సహోద్యోగితో గానీ బస్సులో గానీ ఇంటికి వెళ్లండి. దారి మారుతుంది, అంతకంటే ముఖ్యంగా మీ ప్రాణానికీ, ఎదుటివారి ప్రాణానికీ మంచిది. చట్టం ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మీకు ఒక్క పెగ్గుతోనే ఆ గీత దాటిపోవచ్చు. తాగలేదనిపించే స్థితిలోనే దాటిపోతుంది, అదే చిక్కు.

వణుకు, నిద్రలేమి తగ్గిన తర్వాత కోరికను అణచడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయి. మీ కాలేయం ఎలా ఉందో, బైపాస్ తర్వాత ఏ మాత్ర ఎంత ఒంటబడుతుందో చూసి ఏది ఇవ్వాలో సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు. నాల్ట్రెక్సోన్ వేసుకుంటుంటే ఆ సంగతి ఇంట్లోవాళ్లందరికీ తెలిసి ఉండాలి, ఎందుకంటే ప్రమాదం జరిగి మార్ఫిన్ రకం నొప్పి ఇంజెక్షన్ ఇస్తే అది పని చేయదు. మందులతో పాటు, అదే బాధ పడిన నలుగురి మధ్య వారానికొకసారి కూర్చోవడం కూడా మేలు చేస్తుంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు ఇప్పుడు మన దగ్గరా జరుగుతున్నాయి, అక్కడ పేరు అడగరు. మధ్యలో ఒక సాయంత్రం జారినా, మర్నాడు పొద్దున్నే ఆ సంగతి ఒక మనిషికి చెప్పేయండి. దాచిన రోజు నుంచే మళ్లీ మొదలవుతుంది.

మీ సర్జన్ దగ్గర మొహం చెల్లకపోవడం గురించి ఒక్క మాట. మీలాంటి కథ ఆయన వినడం ఇది మొదటిసారి కాదు. ఎదురుగా కూర్చొని చెప్పలేకపోతే ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి: ఆపరేషన్ తేదీ, అప్పటి బరువు, అతి తక్కువ బరువు, ఇప్పటి బరువు, రోజుకు తాగేది ఎన్ని మిల్లీలీటర్లు, చివరిసారి ఎప్పుడు, మాత్రలు ఎప్పుడు మానేశారు, చేయి వణికినప్పుడు చక్కెర ఎంత. తక్కువ చేసి రాయవద్దు, ఆ అంకెను బట్టే ఆయన మాత్రల మోతాదు నిర్ణయిస్తారు. అదే కాగితాన్ని జిరాక్స్ తీసి సైకియాట్రిస్టుకు ఇవ్వవచ్చు, ఇద్దరి మధ్య మీరు రెండుసార్లు సిగ్గుపడనక్కరలేదు.

చివరిగా మాల సంగతి. 41 రోజులు నిలబడగలిగిన మనిషికి మానగలనా అన్న సందేహం అక్కరలేదు, మీకు చేతకానిది మానడం కాదు, మానిన తర్వాతి సాయంత్రం. అయితే అప్పట్లో మీరు వారానికి రెండు మూడు రోజులే తాగేవారు గనుక మాల వేసుకున్న రోజున ఒళ్లు ఎదురు తిరగలేదు. ఇప్పుడు రోజూ తాగుతున్నారు. కార్తీకానికి ముందే, డాక్టరు చూస్తుండగా మాని, కనీసం రెండు నెలలు గడిచి ఉంటేనే మాల వేసుకోండి. దీక్షలో చాలామంది ఒక పూటే భోజనం చేసి రాత్రి అల్పాహారంతో సరిపెడతారు. మీ కడుపుకు ఆ నియమం పనికిరాదు, ఐదు విడతలుగానే తినాలని గురుస్వామికి ముందే చెప్పండి. ఆరోగ్యం కోసమని చెబితే కాదనే గురుస్వామిని నేను ఇంతవరకు చూడలేదు. మాంసం, గుడ్లు ఉండవు గనుక పన్నీరు, పెరుగు, గుగ్గిళ్లు, పప్పు పెంచుకోవాలి. మాత్రలు దీక్షలోనూ మానకూడదు. మాల తీసే రోజు మాత్రం ముందే తెలిసిన రోజు. ఆ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఎక్కడ ఉంటారో, ఎవరి పక్కన ఉంటారో, రాత్రి ఏం తింటారో మాల వేసుకునే రోజు ఉదయమే మీ ఆవిడ ఎదుట రాసి, ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టండి.